చేతి ఎముక విరిగితే: పేడముద్ద, మట్టిముద్ద, రాయి

దేవరగట్టు బన్ని ఉత్సవం అనగానే మనందరం పగిలిన తలల గురించే మాట్లాడుకుంటాం. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం ఊళ్లవాళ్లు ఇనుప రింగులు తొడిగిన కర్రలతో తలపడతారు కదా, తల మీదికొచ్చే దెబ్బకి ముందు అడ్డం వెళ్లేది చెయ్యే. గాయానికి బండారు, అంటే స్వామి పసుపు, అద్దుకుని మళ్లీ గుంపులోకి వెళ్లిపోతారు. ఆస్పరి, ఆలూరు, ఆదోని వైపు వాళ్లకి ఇది కొత్తేం కాదు.

భక్తితో పసుపు పెట్టుకోండి, తప్పులేదు. కానీ లోపల ఎముక విరిగిందో లేదో పసుపు చెప్పదు. అరచేతి వెనక వాచిందా? పిడికిలి పడితే ఒక వేలు పక్కవేలి మీదికి ఎక్కుతోందా? అలా ఎక్కితే విరిగిన ముక్క మెలి తిరిగిందేమో అని అనుమానించాలి. అలాగే అతుక్కుంటే ఆ వేలు ఎప్పటికీ అడ్డమే. వెంటనే ఉంగరాలు తీసేసి (వాచాక రావు) ఎక్స్‌రేకి వెళ్లాలి.

"మన పూర్వీకులకి ఎక్స్‌రేలు ఉన్నాయా?" అనేవాళ్లు ఉంటారు. నాకైతే ఆ వాదన నచ్చదు. సుశ్రుత సంహిత నిదానస్థానం 15వ అధ్యాయంలో ఎముక విరగడంలో 12 రకాలు, కీలు తొలగడంలో 6 రకాలు చెప్పారు. ముందు ఏం విరిగిందో తెలుసుకో, తర్వాతే కట్టు. చికిత్సాస్థానం 3వ అధ్యాయం ప్రకారం కట్టు వదులైతే కీలు నిలవదు, మరీ బిగిస్తే వాపు, నొప్పి. ఈనాటి పిండికట్టుకీ అంతే. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

అతకడానికి వయసులో ఉన్నవాళ్లకి నెల, నడివయసుకి దానికి రెండింతలు, పెద్దవాళ్లకి మూడింతలు అన్నాడు సుశ్రుతుడు. ఇప్పటి డాక్టర్లు అరచేతి ఎముకకి సుమారు 4 నుంచి 6 వారాలు అంటారు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. కట్టు విప్పగానే చెయ్యి మనది కాదు. వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, పట్టు ఉండదు. అదే అధ్యాయంలో అరచెయ్యి విరిగినవాడికి ఒక వరస ఉంది. మొదట పేడముద్ద పట్టుకోవాలి, తర్వాత మట్టిముద్ద, చేతికి బలం వచ్చాక రాయి. మూడూ ఆస్పరిలో ఏ రైతు దొడ్లో అయినా దొరికేవే! పేడముద్ద వేళ్లకి ఎదురు చెప్పదు, మట్టి కొంచెం చెబుతుంది, రాయి అస్సలు వినదు. ఫిజియోథెరపీలో మెత్తటి స్పాంజ్ బంతితో మొదలుపెట్టి గట్టివాటికి వెళ్లేది ఇందుకే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఇంక్రిమెంటల్ రోల్‌అవుట్.

చాలామంది పేడముద్ద దశలోనే రాయి పని చేస్తారు. కట్టు విప్పిన మర్నాడే నీళ్ల బిందె ఎత్తుతారు, బైక్ క్లచ్ నొక్కుతారు. కొత్తగా అతికిన ఎముక అంత బరువు మోయలేదు. అలాగని చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా వేళ్లు రావు. డాక్టర్ సరే అన్న రోజు నుంచి కట్టు బయట ఉన్న వేళ్లని రోజూ కదిలించాల్సిందే.

డాక్టర్ ఒప్పుకున్నాక రోజూ దీపం పెట్టి నమస్కారం చేసి చూడండి. జోడించిన చేతులు మణికట్టుని వెనక్కి వంచుతాయి, అదీ వ్యాయామమే. మొదట్లో అరచేతులు పూర్తిగా ఆనవు. నొప్పి పుట్టేదాకా నొక్కొద్దు, ఎంత ఆనితే అంత చాలు.