ఇంటి కంప్యూటరు తాళపుచెవి ఎవరి చేతిలో ఉండవలెను?

ఖాతా యను మాట మన రైతునకు క్రొత్తది కాదు. భూమికి ఖాతా కలదు, బ్యాంకులో ఖాతా కలదు, కిరాణా దుకాణములో సైతము ఖాతా కలదు. నేడు బోధన్ పరిసర గ్రామములందు పిల్లల చదువు కొరకును, దరఖాస్తుల కొరకును, గల్ఫు దేశములలోనున్న బంధువులతో మాట్లాడుట కొరకును కంప్యూటరు కొనుచున్న కుటుంబములు కలవు. ఆ యంత్రమును మొదటిసారి తెరచునపుడు అదియు ఒక ఖాతాను అడుగును. ఈ ఖాతా రెండు విధములు. ఆ యంత్రమునకే పరిమితమైనది స్థానిక ఖాతా. ఇంటర్నెట్టు ద్వారా దూరమందలి కంపెనీ కంప్యూటర్లతో ముడిపడినది క్లౌడ్ ఖాతా. వీని భేదము తెలియకయే పెక్కుమంది దుకాణదారు చూపినచోట నొక్కి ఊరకుందురు. దానివలని చిక్కు కొన్నాళ్ళకుగాని బయటపడదు. కావున ఈ రెండింటి గుణదోషములను ఇచట వివరింపదలచితిమి.

బావియు, కాలువయు

బోధన్ ప్రాంతపు చెరకు తోటలకు నీరు రెండు దారుల వచ్చును. ఒకటి, మంజీరా నదిపై 1923 - 1931 సంవత్సరముల మధ్య నిర్మింపబడిన నిజాంసాగర్ కాలువ నీరు. రెండవది, పొలములోని బావి నీరు. బావి మనది. ఎపుడు తోడుకొన్నను అడుగువారు లేరు. కాని అది ఎండిపోయినచో ఆదుకొనువారును లేరు. కాలువ వెనుక గొప్ప జలాశయము కలదు. కాని నీరు విడుచు వేళయు, ఆపు వేళయు మన చేతిలో నుండవు.

స్థానిక ఖాతా బావివంటిది. దాని పేరును, రహస్యపదమును ఆ యంత్రమునందే నిలిచియుండును. ఇంటర్నెట్టు అక్కరలేదు, ఫోను సంఖ్య అక్కరలేదు. అయితే రహస్యపదమును మరచినచో దూరమునుండి సరిచేయువారెవరును ఉండరు. ముందుగా భద్రతా ప్రశ్నలకు జవాబులు వ్రాసియుంచనియెడల యంత్రమును తుడిచి మరల అమర్చుకొనవలసిన స్థితి రావచ్చును. అందలి కాగితములు, ఛాయాచిత్రములు అంతటితో పోవును.

క్లౌడ్ ఖాతా కాలువవంటిది. రహస్యపదమును మరచినచో ఫోనునకు సంకేతసంఖ్య తెప్పించుకొని క్రొత్తది పెట్టుకొనవచ్చును. యంత్రము చెడిపోయినను, ముందుగా క్లౌడ్‌లో దాచుకొన్న కాగితములు వేరొక యంత్రమున లభించును. ఇంటర్నెట్టు లేనిచో ఈ ఖాతాతో కంప్యూటరు తెరచుకొనదని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. ఒకసారి ఆ యంత్రమున ఖాతా కుదిరిన పిమ్మట ఇంటర్నెట్టు లేకున్నను తెరచుకొనును.

2012లో వెలువడిన విండోస్ 8 తో ఈ క్లౌడ్ పద్ధతి ఇంటి కంప్యూటర్లలో ప్రవేశించినది. నాడు అది కోరినవారికి మాత్రమే. 2021లో వెలువడిన విండోస్ 11 ఇంటి వాడుకకు ఉద్దేశించిన శ్రేణిలో మొదటి అమరిక వేళనే ఇంటర్నెట్టును, మైక్రోసాఫ్ట్ ఖాతాను కోరినది. కనుక నేడు దుకాణమునుండి వచ్చు యంత్రము చాలవరకు కాలువకు కట్టబడియే వచ్చునని తలంపవలెను.

చిక్కు ఎచట కలుగును?

ఒక కుటుంబమును ఊహింతము. కుమారుడు గల్ఫునకు పోవుచు ఇంటికి కంప్యూటరు కొని, తన ఫోను సంఖ్యతో క్లౌడ్ ఖాతా తెరచినాడు. అచటికి పోయిన పిమ్మట పాత సంఖ్యను వాడక విడిచినాడు, అది రద్దయినది. ఇంటివద్ద యంత్రము చెడి బాగుచేయింపగా, మరల తెరచునపుడు అది 48 అంకెల తిరిగిపొందు సంఖ్యను అడిగినది.

ఈ సంఖ్య ఏమి? క్రొత్త విండోస్ కంప్యూటర్లలో పెక్కింటియందు లోపలి డిస్కు గుప్తలిపితో బంధింపబడియుండును. దొంగ దానిని ఊడదీసి చదువజాలకుండుటకు ఈ ఏర్పాటు. దీనిని విప్పు 48 అంకెల సంఖ్య క్లౌడ్ ఖాతాలో దాచబడును. ఆ ఖాతాను తెరువవలెనన్న సంకేతసంఖ్య పోవునది రద్దయిన ఫోనునకు. చెల్లెలి పరీక్షా పత్రములు, భూమి కాగితముల నకళ్ళు, తాతగారి ఛాయాచిత్రములు అన్నియు ఆ యంత్రములోనే యున్నవి. పెట్టె ఇంటిలోనే కలదు, తాళపుచెవి మాత్రము ఎవరికిని అందనిచోట నున్నది. దుకాణదారు తన సంఖ్యతో ఖాతా తెరచి ఇచ్చినపుడును ఇట్టి చిక్కే కలుగును.

క్లౌడ్‌నందు మరి రెండు సంగతులు గమనింపదగినవి. మైక్రోసాఫ్ట్ ఉచితముగా నిచ్చు స్థలము 5 జీబీ మాత్రమే. అది నిండినచో క్రొత్త నకళ్ళు చేరవు. ఖాతాను రెండు సంవత్సరములు తెరువకున్నచో దానిని మూసివేయుదుమని కంపెనీ నిబంధన కలదు. పెద్ద సంస్థ ఎల్లకాలము ఒకే తీరున నుండునని నమ్మరాదు. తరతరముల చెరకు రైతులు నమ్ముకొన్న చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడుట చూచిన బోధన్ వారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

ఏది మేలు?

తెలివిగల రైతు కాలువ యున్నదని బావిని పూడ్చడు, బావి యున్నదని కాలువను కాదనడు. ఇచటను అదియే నీతి. ఈ క్రింది పనులు ప్రతి ఇంటివారును చేయదగినవి.

1. క్లౌడ్ ఖాతాను ఇంటనుండి యంత్రమును వాడువారి పేరనే, వారి ఫోను సంఖ్యతోనే తెరువవలెను. దుకాణదారు సంఖ్య ఎంతమాత్రము పనికిరాదు. తిరిగి పొందుటకు ఇంటిలోని మరియొకరి సంఖ్యను గాని, ఈమెయిలును గాని చేర్చవలెను. ఫోను మార్చినవారు పాత సంఖ్య రద్దగుటకు ముందే ఖాతాలో క్రొత్త సంఖ్యను నమోదు చేయవలెను.

2. 48 అంకెల సంఖ్య యున్నదేమో మైక్రోసాఫ్ట్ ఖాతాలో నేడే చూచి, కాగితముపై వ్రాసి, పట్టాదారు పాసుపుస్తకముతోపాటు భద్రపరచవలెను. ఫోనులో ఎవరు అడిగినను దీనిని గాని, సంకేతసంఖ్యను గాని చెప్పరాదు.

3. స్థానిక ఖాతా కావలెనన్న, అమరిక ముగిసిన పిమ్మట సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అను భాగమునకు పోయి మార్చుకొనవచ్చును. మార్చుటకు ముందు రెండవ సూచనను తప్పక పాటింపవలెను. పిమ్మట భద్రతా ప్రశ్నలకు జవాబులు వ్రాయవలెను.

4. పిల్లలకు వేరు ఖాతా తెరచి, యంత్రపు అమరికలను మార్చు అధికారమును పెద్దల ఖాతాకే ఉంచవలెను.

5. ముఖ్యమైన కాగితములను పెన్ డ్రైవుపై గాని, వేరొక డిస్కుపై గాని నకలు తీసి విడిగా దాచవలెను. క్లౌడ్ నకలు ఒక్కటియే చాలదు. యంత్రమున చెరిపిన కాగితము క్లౌడ్‌నందును చెరిగిపోవును. అది చెత్తబుట్టలో కొన్ని దినములు మాత్రమే నిలుచును.

వీనికి పట్టునది ఒక సాయంకాలము మాత్రమే. మొదటి పనిగా ఇంటివారందరును కలిసి కూర్చుండి, మన కంప్యూటరు ఖాతా ఎవరి పేర నున్నది, దాని సంకేతసంఖ్య ఏ ఫోనునకు వచ్చును అని విచారింపవలెను. జవాబు తెలియని ఇంట తాళపుచెవి పరుల చేతిలో నున్నదన్నమాటయే.