1948 సెప్టెంబరు: రంగస్థలం, వెండితెర

1948లో మన శ్రీహరికోట మద్రాసు రాష్ట్రంలో ఉండేది. నిజాం సంస్థానం మనకు బహుదూరం. కనుకనే మనలో అనేకులకు ‘పోలీసు చర్య’ పాఠ్యపుస్తకంలోని ఒక్క వాక్యం. సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు, పాఠం సమాప్తం. అటుపై జరిగిన దారుణాన్ని నాటకంగానో చిత్రంగానో చూపవలసివస్తే ఎట్లు చూపాలన్నదే మా విచారణ.

అంతకుముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాలు సామాన్యమైనవి కావు. ఆ ఆగస్టు 27నాటి బైరాన్‌పల్లి హత్యాకాండను విస్మరించి నాటకం ఆడితే ప్రేక్షకులు ఆక్షేపిస్తారు; ఆక్షేపించాలి కూడా. కాని సైన్యం వచ్చిన పిదప ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములు వేల సంఖ్యలో హతులైనారు. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ యేడాది చివరి నెలలలో ఊరూరా తిరిగి విచారించారు. (గఫార్ గారు ‘పయామ్’ పత్రికా సంపాదకులుగా మన ఉర్దూ పాఠకులకు సుపరిచితులే.) సంస్థానమంతటా మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని వారి అంచనా. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి ప్రకటించలేదు. 2013లో ఎ.జి. నూరానీ తన గ్రంథంలో దానిని అచ్చువేయించారు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల ‘మా భూమి’ నాటకం 1947 నాటిది. మరుసటి యేటి కథ అందులో ఉండే వీలు లేదు. అదే పేరుతో గౌతమ్ ఘోష్ 1979లో తీసిన చిత్రానికి కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. ఉర్దూ కథ తెలుగు తెరకెక్కడం మన కళాశాలకు ప్రీతిపాత్రమైన విషయం; అయినా ఆ చిత్రపు దృష్టి రైతు పోరాటం మీదనే.

ఇండోనీషియాలో 1965లో మొదలైన ఊచకోతపై జాషువా ఓపెన్‌హైమర్ 2012లో తీసిన డాక్యుమెంటరీలో హంతకులే తమ హత్యలను అభినయించి చూపారు. నటనే అక్కడ సాక్ష్యమైంది. ఆ మార్గం మనకు పొసగదు. ఏడు దశాబ్దాలు గడిచాయి. చంపినవారిని వెదకి తెచ్చి నటింపజేసే కాలం దాటిపోయింది.

మనకు మిగిలినది నివేదిక. అందులో ఒక సంగతి మమ్ములను వదలడం లేదు. కొన్నిచోట్ల హిందూ నేతవారు తమ తోటి ముస్లిం నేతవారిని కాపాడబూని ప్రాణాలు సైతం పోగొట్టుకున్నారు. దీనికి శవాలు, తుపాకులు, రక్తపు రంగు అక్కరలేదు. రంగం మీద రెండు మగ్గాలు, గడియ వేసిన ఒక తలుపు, వెలుపల గుంపు కేకలు. లోపల ఉన్నది ఎవరని గుంపు అడుగుతుంది. మగ్గం ఆగదు.