వదులైన పిడి

ఎన్టీఆర్ జిల్లాలోని విస్సన్నపేట మామిడితోటల సీమ. ఇటువంటి ఊళ్ల బాటల మీది దుమ్ము పాత కార్లకు తొలి శత్రువు. అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. కనుక ఉన్న బండిని కాపాడుకోవడమే యజమాని కర్తవ్యం.

కిటికీ అద్దాన్ని నడిపే పిడి ఒక చిన్న ఇరుసుకు తగిలి ఉంటుంది. ఇరుసు మీది పళ్లు, పిడి లోపలి పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడినంతకాలం అద్దం చేతి మాట వింటుంది. గాడిలో దుమ్ము చేరితే అద్దం బిగుస్తుంది. బలవంతంగా తిప్పితే పిడి పళ్లు అరుగుతాయి. అప్పుడు పిడి తిరుగుతుంది గాని అద్దం కదలదు. అరిగింది పిడే అయినా మూలకారణం గాడిలోని దుమ్మే.

మారుతి 800లో పిడి వెనుక గుర్రపు లాడం ఆకారంలో తీగ క్లిప్పు ఉంటుంది. గుడ్డ పేలికను దాని వెనుక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్పు ఊడివస్తుంది. అది ఎగిరిపోకుండా చేయి అడ్డుపెట్టాలి. సుత్తితో కొట్టి బిగించరాదు. గాడిని శుభ్రపరచి, క్లిప్పును కొత్త పిడికి తొడిగి, ఇరుసు మీద ఉంచి అరచేతితో నొక్కితే చాలు. గాడిని విస్మరిస్తే కొత్త పిడికీ పాత గతే.

తలుపు తీసే లోపలి పిడి విషయం మరింత ముఖ్యం. మర వదులైతే వెంటనే బిగించాలి. ప్రమాదవేళ లోపలివారికి ప్రాణం నిలిపే దారి ఆ తలుపే. మర చిన్నదని చులకన చేయరాదు.