సియోల్ స్నానశాలకు వెళ్లొచ్చా?

ప్రశ్న: సియోల్‌లో ఉంటున్న మా అమ్మాయి అక్కడి స్నానశాలకు తీసుకెళ్తానంటోంది. అందరి మధ్యా బట్టల్లేకుండా అంటే బెరుగ్గా ఉంది. ఐదేళ్ల మనవడూ వస్తాడు.
– ఒక పాఠకురాలు, మారేడ్‌పల్లి, సికింద్రాబాద్

జవాబు: తప్పక వెళ్లండమ్మా. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు స్నానశాలలుంటాయి. ఎవరూ ఎవరినీ పట్టించుకోరు. ఒళ్లు సబ్బుతో కడుక్కుని, జుట్టు ముడేసుకున్నాకే తొట్టిలో దిగండి. ఇది మరిస్తేనే అందరూ మీవైపు చూస్తారు. నీళ్లు దాదాపు 40 డిగ్రీల వేడి, పది నిమిషాలు చాలు. బీపీ, గుండెజబ్బు ఉంటే ముందే డాక్టర్ని అడగండి. నానిన ఒంటిని గరుకు తొడుగుతో రుద్దించుకోవడం మాత్రం మానకండి. దానికి విడిగా డబ్బివ్వాలి, కానీ నలుగు పెట్టినట్టు మురికంతా ఉండలుగా రాలిపోతుంది. నాలుగేళ్లు నిండిన మగపిల్లల్ని ఆడవాళ్లవైపు రానివ్వరు, 2022 నుంచి ఇదే నిబంధన. మనవణ్ణి అల్లుడితో పంపండి. తర్వాత జిమ్‌జిల్‌బాంగ్ వేడిగదుల్లో, వాళ్లిచ్చే బట్టలేసుకుని, అందరూ కలిసే కూర్చోవచ్చు.