‘అల్లోపతి’ ఎవరు పెట్టిన పేరు?

పల్నాడులో నరసరావుపేట వెళ్లినా, మాచర్ల, గురజాల వెళ్లినా డాక్టరు రాసే మందులను ‘ఇంగ్లీషు మందులు’ అంటారు. చదువుకున్నవారు ‘అల్లోపతి’ అంటారు. ఈ రెండు పేర్లూ ఆ వైద్యానికి సరిగా అతకవు.

అల్లోపతి డాక్టర్లు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. హోమియోపతిని స్థాపించిన జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ (1755–1843) 1810 ప్రాంతంలో, తాను వ్యతిరేకించిన వైద్యానికి ఆ పేరు పెట్టారు. గ్రీకులో ‘అల్లోస్’ అంటే వేరైనది, ‘పాథోస్’ అంటే బాధ. రోగ లక్షణాన్ని పోలిన మందు తనది, దానికి వేరైన మందు వారిది అని ఆయన భావం. అది ఆక్షేపణగా పుట్టిన మాట కనుక పాశ్చాత్య దేశాల డాక్టర్లు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. మన దేశంలో మాత్రం ఆయుర్వేదం, యునానీ, హోమియోల నుంచి వేరుగా గుర్తించడానికి అదే వాడుకలో నిలిచింది.

ఇందులో ఒక విశేషం ఉంది. హానిమన్ తప్పుపట్టిన ఆనాటి ఐరోపా వైద్యంలో నెత్తురు తీయడం, విరేచనాలు చేయించడం ముఖ్యమైనవి. వాటి మూలం హిపోక్రటీస్, గాలెన్‌ల గ్రీకు వైద్యం. యునానీ మూలమూ అదే. ‘యునానీ’ అంటేనే గ్రీకుది అని అర్థం. ఇబ్న్ సీనా రచించిన ‘అల్ ఖానూన్ ఫిత్ తిబ్’ను ఐరోపా విద్యాలయాల్లో శతాబ్దాలపాటు బోధించారు. వేడికి చలువ మందు ఇచ్చే పద్ధతిని హకీంలు ‘ఇలాజ్ బిల్ జిద్’ అంటారు. అంటే హానిమన్ వేసిన ముద్ర హకీంలకూ తగులుతుంది! నేటి డాక్టరు మాత్రం పరీక్షల్లో, ప్రయోగాల్లో తేలిన రుజువును చూసి మందు రాస్తారు.

‘ఇంగ్లీషు’ అన్న మాటా అంతే. షుగరు రోగులను బతికిస్తున్న ఇన్సులిన్‌ను 1921లో కెనడాలో కనుగొన్నారు.

‘హకీం’లో హిక్మత్, అంటే వివేకం ఉంది. ‘వైద్యుడు’లో విద్య ఉంది. ‘డాక్టర్’ అంటే లాటిన్‌లో బోధించేవాడు. ఈ మూడింటికీ జ్ఞానమే పునాది. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల వంటి చోట్ల నేటి హకీంలూ ఏళ్లతరబడి చదివే పట్టా పొందుతున్నారు. మరోవైపు, ‘ఆర్‌ఎంపీ’కి అసలు అర్థం రిజిస్టరైన వైద్యుడు, పల్లెల్లో ఏ రిజిస్ట్రేషనూ లేనివారినీ అలాగే పిలుస్తున్నారు.

దాతలారా, వైద్య సహాయానికి మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ము అమానతు. చీటీ తెచ్చిన పేదవాడికి సాయం చేసేటప్పుడు రాసినవారి చదువు, రిజిస్ట్రేషన్ చూడండి. ‘ఇంగ్లీషు మందు వేడి’ అని బీపీ, షుగరు మాత్రలు మానేసేవారు మన ఇళ్లలోనూ ఉంటారు. డాక్టరును అడగకుండా మానవద్దని వారికి నచ్చజెప్పండి. అదీ సదఖాయే.