ఉదయకాల సాధకము

పఠనభాగములు: యెషయా 50:4-5, 1 తిమోతి 4:6-10, హెబ్రీయులకు 12:1-13

అండమాన్ నికోబార్ దీవులలో సూర్యుడు త్వరగా ఉదయించును. దేశమంతటికిని గడియారము ఒక్కటే. అది కాకినాడ సమీపముగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించి నడచును. ఆ దీవులో అంతకు పది డిగ్రీలు తూర్పున ఉన్నవి. కావున జూను మాసములో ఉదయము ఐదు గంటలకే అక్కడ వెలుగు నిండును. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి, నేడు శ్రీ విజయపురమైన పట్టణములో మన తెలుగువారును అనేకులు కాపురమున్నారు. అక్కడ ఎండకు ముందే వ్యాయామము చేయగోరువారు చీకటితోనే లేవవలెను. ఒంటరిగా లేచుట కష్టము. ఒకడు బయట నిలిచి తనకొరకు ఎదురుచూచుచున్నాడని ఎరిగినవాడు లేచును. ఇట్లు గుంపుగా కూడి శరీరమునకు పని చెప్పి, చివరను ఒక ప్రోత్సాహవాక్యమును, జీవితమునకు అక్కరకు వచ్చు ఒక పాఠమును చెప్పుకొనుట మంచి అలవాటే. విశ్వాసి దానిని ఏ దృష్టితో చూడవలెను?

కొందరు 1 తిమోతి 4:8ని చూపి, శరీరవ్యాయామము భక్తునికి తగదని తీర్మానింతురు. ప్రతి ఆదివారము మోకాళ్ల నొప్పుల నిమిత్తము ప్రార్థన కోరువారే ఉదయపు నడకను లోకసంబంధమని తలంచుట వింతయే. పౌలు అక్కడ వాడిన గ్రీకు మాట 'గుమ్నాసియా'. మన అనువాదకులు దానికి 'సాధకము' అను పదమును ఎన్నుకొనిరి. ఇది మెచ్చదగిన ఎన్నిక. సంగీతము నేర్చువాడు తెల్లవారుజామున గొంతు సవరించుకొని చేయునది సాధకమే గదా! ఇక 'కొంచెము' అను మాట. మూలమందు అది 'ప్రోస్ ఒలిగోన్'. అవే రెండు మాటలు యాకోబు 4:14లో, ఆవిరి ఎంతసేపు కనబడునో చెప్పుచోట వచ్చినవి. అక్కడ మన బైబిలు వాటిని కాలముగా గ్రహించినది. తిమోతి పత్రికలోను ఆ అర్థమే మెరుగుగా పొసగును. ఏలయనగా పౌలు వెంటనే ఇప్పటి జీవమును, రాబోవు జీవమును ప్రస్తావించుచున్నాడు. వ్యాయామఫలము కొద్దికాలపుది. కొద్దికాలపుది అగుట వేరు, వ్యర్థమగుట వేరు.

ఈ సంగతిని ఎరిగియే మదరాసులో 1920లో హెచ్. సి. బక్ గారు వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాలయమును ప్రారంభించిరి. శరీరము, మనస్సు, ఆత్మ అను మూడు భుజముల త్రికోణము ఆ సంస్థకు గురుతు.

అయితే అసలు చిక్కు వ్యాయామములో లేదు, దాని తరువాత పలుకబడు మాటలో ఉన్నది. యెషయా 50వ అధ్యాయములోని సేవకునికి అలసినవానిని ఆదుకొను మాట తెలియును. అది అతనికి ఎట్లు తెలిసెను? ప్రతి ఉదయమున దేవుడు మొదట అతని చెవిని మేల్కొల్పెను. నాలుకకంటె ముందు చెవి. ఉదయపు గుంపులో పాఠము చెప్పువాడు సామాన్యముగా అందరిలో బలిష్ఠుడు. అతడు తన బలమునే బోధగా చెప్పుటకు ఎంతో సమయము పట్టదు.

కార్ నికోబారు దీవిని తలంచుడి. 1978లో మృతినొందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గారు క్రొత్త నిబంధనను తన ప్రజల భాషలోనికి తెచ్చినది అక్కడనే. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాటి ఆదివారము, ఉదయము ఆరున్నర గంటల వేళ భూమి కంపించెను. పిమ్మట సముద్రము ఊళ్లమీదికి లేచెను. తొమ్మిదేండ్ల డెబోరా హెరాల్డ్ ఒక చెట్టును ఆశ్రయించి, కొన్ని దినములు దానిమీదనే ఉండి బ్రతికెను. ఆమె తరువాత సైకిలు పందెములలో ప్రవేశించి, 2015లో 500 మీటర్ల పందెమునకు సంబంధించిన ప్రపంచ ర్యాంకులలో నాలుగవ స్థానమునకు చేరెను. ఉదయపు గుంపులో చెప్పుటకు ఇంతకంటె తగిన కథ ఏది? "గట్టిగా పట్టుకొన్నవాడు బ్రతుకును" అని ముగించుట బహు సులభము. కాని ఆ ఉదయమున గట్టిగా పట్టుకొనియు కొట్టుకొనిపోయినవారు వేలమంది. వారి పిల్లలు, వారి తోబుట్టువులు నేడు ఆ దీవులలో ఏ వరుసలోనైనను నిలిచి వినుచుండవచ్చును. అట్టివారి చెవిలో ఆ పాఠము, మీవారు సరిగా పట్టుకొనలేదు అను నిందగా పడును. చెవి మేల్కొనని ప్రోత్సాహము ఇట్లు గాయపరచును.

ఆ దీవులనుండియే వచ్చిన మరియొక సైకిలు పందెగాడు ఏసో ఆల్బన్. అతడు సభ్యుడుగా ఉన్న భారత జట్టు 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ అన్ డెర్ ఓడర్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో టీమ్ స్ప్రింటు పందెమున స్వర్ణపతకము గెలిచెను. ఆ పందెపు రీతి గమనింపదగినది. ముగ్గురు ఒకరి వెనుక ఒకరు బయలుదేరుదురు. మొదటివాడు ఒక చుట్టు అంతయు గాలిని తానే చీల్చి, వెనుకవారికి చాటుగా ఉండి, తన శక్తి తీరగానే ప్రక్కకు తొలగును. రెండవవాడు రెండవ చుట్టులో అట్లే చేయును. మూడవవాడు ఒంటరిగా ముగించును. గడియారము ఆగునది అతడు గీత దాటినప్పుడే. మొదటివాడు ఎంత వేగముగా పోయినను, వెనుకవాడు తన చాటునుండి జారిపోయినయెడల ఆ వేగమువలన జట్టుకు లాభము లేదు.

హెబ్రీయులకు వ్రాసినవాడు 12వ అధ్యాయమును పరుగుపందెముతో ఆరంభించును. 11వ వచనమున 'గుమ్నాసియా'కు సంబంధించిన క్రియాపదమునే వాడి, శిక్షయందు అభ్యాసము పొందినవారిని గూర్చి చెప్పును. పిమ్మట 12, 13 వచనములలో వాలిన చేతులు, బలము తప్పిన మోకాళ్లు, కుంటికాలు కనబడుచున్నవి. ఆజ్ఞ బహువచనములో ఉన్నది. కుంటివాడిని వరుసనుండి తొలగుమని ఆయన చెప్పలేదు. వాని కాలు మరింత చెడక స్వస్థపడునట్లు త్రోవను సరిచేయుడని తక్కినవారికి చెప్పెను. త్రోవ సరిచేయుట అనగా కొన్నిసార్లు ఒక చుట్టు తగ్గించుట, కొన్నిసార్లు సిద్ధపరచుకొని వచ్చిన పాఠమును విడిచి, రాలేకపోయినవాని ఇంటికి పోయి తలుపు తట్టుట.

ధ్యానించుటకు: మీ ఉదయకాల కూడికలో చివరగా వచ్చువాడు ఎవడు? గడచిన మాసములో అతడు చెప్పినది ఎవరైన వినిరా?