మనోవ్యాధి శాస్త్రము: దాని పుట్టుపూర్వోత్తరములు

చిలకలపూడి బంగారము నెరుగనివారు మన సీమలో లేరు. పైపూతను మాత్రమే చూచువాడు లోని లోహమును కనిపెట్టజాలడు. మనుష్యుని విషయమును ఇట్టిదే. నగుమొగముతో బడికి వచ్చు బాలుని లోపల తీరని దిగులు ఉండవచ్చును. వీధిలో తనలో తాను మాటలాడుకొనువానియందు పూర్వపు వివేకము కొంత మిగిలియుండవచ్చును. ఈ లోపలి స్థితిని పరిశీలించు విద్యయే అపసామాన్య మనశ్శాస్త్రము. దాని పునాదులను, చరిత్రను సంగ్రహముగ నిచ్చట చెప్పదలచితిమి.

ఏది వ్యాధి?

నలుగురు చేయని పని చేయుటయే వ్యాధి యనరాదు. అట్లయినచో గొప్ప గణితజ్ఞుడును రోగియే యగును. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి యేడ్చుటయు వ్యాధి కాదు. శాస్త్రజ్ఞులు కొన్ని ప్రశ్నలను కలిపి వేసికొందురు. ఆ స్థితి ఆ మనుష్యుని మిక్కిలి బాధించుచున్నదా? నిద్ర, ఆహారము, చదువు, పని చెడుచున్నవా? తనకుగాని యితరులకుగాని అపాయమున్నదా? అది యెంతకాలమునుండి యున్నది? ఒక్క గుర్తునుబట్టి తీర్పు చెప్పుట తగదు.

పూర్వుల తలపులు

పూర్వము అనేక దేశములయందు మనోవ్యాధిని దయ్యముల పనిగా తలచిరి. అయినను అప్పుడే వేరు విధముగ నాలోచించినవారును గలరు. సుమారు 2,400 సంవత్సరముల క్రిందట గ్రీసు దేశమున హిపొక్రటీసు సంప్రదాయమువారు, మూర్ఛరోగము దేవతాకోపము కాదనియు, మెదడునుండి కలుగుననియు వ్రాసిరి. మన చరకసంహిత ఉన్మాదము నైదు విధములుగ విభజించినది. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను నెనిమిదింటి తబ్బిబ్బును ఉన్మాద లక్షణముగ చెప్పినది. ఆగంతుకమను పేరున భూతావేశమునకును అందు చోటు గలదు. కావున పూర్వుల తలపులలో పరిశీలనయు నమ్మకమును కలిసియుండెనని గ్రహింపవలెను.

సంకెళ్లు వీడిన కథ

ఐరోపాలో చిరకాలము మనోరోగులను గొలుసులతో బంధించిరి. పారిసు నగరపు బిసేత్ర్ ఆలయమున పినేల్ అను వైద్యుడు 1793లో ప్రవేశించి, రోగులను దయతో చూడవలెనని బోధించెను. అచ్చట 1797లో గొలుసులను తీయించినవాడు పుస్సాఁ అను పర్యవేక్షకుడు. అతడు వైద్యుడు కాడు; తానును ఒకప్పుడు ఆ యాలయముననే గండమాలకు చికిత్స పొందినవాడు. బాధ నెరిగినవానికే పరుని బాధ తెలియునని మాకు తోచుచున్నది.

ఆనాడు మన రాజధానియై యుండిన చెన్నపట్టణమున 1794లో వాలెంటైన్ కానలీ అను శస్త్రవైద్యుడు మనోరోగుల కొక యాలయము నెలకొల్పెను. 1871లో కీల్పాకు ఆలయము తెరువబడినది. విశాఖపట్టణమునను అట్టి ఆలయము ఇంగ్లీషువారి కాలమునుండియే కలదు. హైదరాబాదు రాజ్యమున జాల్నాయందుండిన ఆలయము 1953లో ఎర్రగడ్డకు మారినది.

రెండు మార్గములు

1879లో వుంట్ పండితుడు లైప్‌జిగ్ నగరమున మనశ్శాస్త్ర ప్రయోగశాలను స్థాపించెను. ఆయన శిష్యుడగు క్రేపెలిన్ 1883లో ప్రకటించిన గ్రంథమును మరల మరల సంస్కరించుచు, లక్షణములను బట్టియు గతిని బట్టియు వ్యాధులను వర్గీకరించెను. 1913లో ఒకానొక ఉన్మాదముచే మరణించినవారి మెదళ్లయందు సవాయి క్రిములు కనుగొనబడినవి. దీనితో కొన్ని మనోవ్యాధులకు శరీరమే మూలమని ఋజువయ్యెను. 1952లో క్లోర్‌ప్రోమజీన్ అను మందు ఉన్మాదచికిత్సలో పెద్ద మార్పు తెచ్చెను.

రెండవ మార్గము మనస్సునుండియే కారణమును వెదకినది. బ్రాయర్, ఫ్రాయిడ్ పండితులు 1895లో హిస్టీరియాపై గ్రంథమును వెలువరించిరి. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. నేటి శాస్త్రజ్ఞులు దేహమును, మనస్సును, సంఘమును మూడింటిని కలిపి విచారింతురు.

దివిసీమ చెప్పు పాఠము

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయిరి. ఇల్లు మరల కట్టవచ్చును; పశువులను మరల కొనవచ్చును. కాని చేయిజారిన బిడ్డను కలలో చూచుట, గాలి హోరు వినినంతనే గుండె దడదడలాడుట, ఒంటరిగ బ్రతికితినని నేరమెంచుకొనుట వంటి గాయములు కంటికి కనబడవు. ఇట్టి స్థితిని 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము ప్రత్యేక వ్యాధిగ తన పట్టికలో చేర్చినది. దీనికి మనుష్యుని బలహీనత కారణమని నిందించుట అజ్ఞానము.

మన విధి

2001 ఆగస్టు 6న తమిళనాడునందలి ఎర్వాడిలో గొలుసులతో బంధింపబడిన 28 మంది మనోరోగులు అగ్నిలో మరణించిరి. పుస్సాఁ గొలుసులు తీయించిన రెండువందల యేండ్లకును ఇట్లు జరిగినదన్న, శాస్త్రము పుస్తకములయందు పెరిగిన మాత్రమున చాలదని తేటపడుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి పొందవచ్చును.

విద్యార్థులారా, తోటివానిని పిచ్చివాడని గేలిచేయకుడు. మీ మనస్సు కలతపడినచో దాచుకొనక ఉపాధ్యాయునితోనో, ఇంటివారితోనో చెప్పుడు. తలిదండ్రులారా, జ్వరమునకు వైద్యుని పిలుచుటకు సిగ్గుపడని మనము మనస్సు నొచ్చినప్పుడేల సిగ్గుపడవలెను? పూతను చూచి తీర్పు చెప్పక, లోని బాధను విచారించుటయే ఈ శాస్త్రమునకు మొదటి పాఠము.